పైథాన్ ఇన్‌స్టాల్ అయింది, మరి పలకదెందుకు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను కంప్యూటర్‌లో పెట్టుకోవడం కొద్ది నిమిషాల పని అని దాదాపు ప్రతి పాఠమూ మొదట్లోనే చెబుతుంది. చాలామందికి అది నిజమే. అయితే ఇన్‌స్టాలర్ పని ముగించి, అంతా సవ్యంగా జరిగిందని ప్రకటించిన తరువాత కూడా, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ కిటికీ తెరిచి పైథాన్ అని టైపు చేస్తే అటువంటి కమాండ్ తనకు తెలియదని విండోస్ బదులిచ్చినప్పుడు ఏం చేయాలో ఆ పాఠాలు సాధారణంగా చెప్పవు. అప్పుడు కొత్తవారు చేసే పని ఒకటే: ఉన్నదాన్ని తొలగించి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం, అప్పటికీ కుదరకపోతే వేరే వెర్షన్‌ను తెచ్చి దాని పక్కన పెట్టడం. చిన్న చిక్కును పెద్దది చేసేది ఈ అలవాటే అని నా అభిప్రాయం. ఫైళ్ళు డిస్కు మీదకు చేరకపోవడం వల్ల వచ్చే ఇబ్బందులు అరుదు. ఫైళ్ళన్నీ చేరి కూడా, మనం పేరు పెట్టి పిలిచినప్పుడు ఏదీ పలకకపోవడమో, మనం అనుకున్నది కాక మరొకటి పలకడమో సర్వసాధారణం. అందువల్ల దేన్నైనా తొలగించే ముందు తేల్చుకోవలసింది ఒక్కటి ఉంది: నేను ఆ పేరు టైపు చేసి ఎంటర్ నొక్కినప్పుడు ఏ ఫోల్డర్‌లోని ఏ ఫైలు నడిచింది?

కమాండ్ల పేర్లను ఇక్కడ ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు, ప్రత్యేకంగా చెప్పిన చోట్ల తప్ప, అన్నిటినీ చిన్న ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలి.

టెర్మినల్‌లో ఒక పేరు టైపు చేసినప్పుడు, ఆ పేరు గల ప్రోగ్రాం కోసం కంప్యూటర్ డిస్కు మొత్తాన్ని గాలించదు. పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాములన్నీ చదువుకోగల ఒక సిస్టమ్ సెట్టింగులో, కొన్ని ఫోల్డర్ల పేర్లు వరుసగా ఉంటాయి. మొదటి నుంచి ఒక్కొక్క ఫోల్డర్‌నే చూసుకుంటూ పోయి, ఆ పేరుతో తొలుత కనిపించిన ఫైలును నడిపించి, అక్కడితో వెతకడం ఆపేస్తుంది. జాబితాలో లేని ఫోల్డర్‌లో పైథాన్ ఎంత చక్కగా కొలువుదీరి ఉన్నా అది టెర్మినల్‌కు లేనట్టే. ఒకే పేరుతో రెండు ఫైళ్ళుంటే, కొత్తదా పాతదా అన్న విచారణ ఉండదు. వరుసలో ముందున్నదే నడుస్తుంది. ఇన్‌స్టలేషన్ ఇబ్బందుల్లో అధిక భాగానికి మూలం ఈ రెండు విషయాల్లోనే ఉంది.

విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున, పైథాన్‌ను పాత్‌లో చేర్చాలా అని అడిగే ఒక చెక్‌బాక్స్ ఉంటుంది. దానికి ముందుగా టిక్కు ఉండదు. తెర మధ్యలో కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించే ఇన్‌స్టాల్ నౌ మీద నొక్కే తొందరలో అడుగున ఉన్న ఆ చిన్న గడి చాలామంది దృష్టికి రాదు. ఆ గడిని వదిలేసినంత మాత్రాన అంతా తొలగించి మొదటికి రానక్కరలేదు. అదే ఇన్‌స్టాలర్‌ను మరోసారి నడిపితే మాడిఫై, రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ అనే మూడు దారులు చూపుతుంది. వాటిలో మాడిఫై ఎంచుకుని, తరువాతి తెర దాటితే, పైథాన్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో చేర్చే గడి కనిపిస్తుంది. దానికి టిక్కు పెట్టి ముగిస్తే చాలు.

ఇలా చేసిన తరువాత కూడా పాత సమాధానమే వస్తోందంటే, కారణం చాలాసార్లు అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ కిటికీ. ఒక ప్రోగ్రాం మొదలయ్యే క్షణంలో పాత్ ఎలా ఉందో దాని ప్రతిని ఆ ప్రోగ్రాం తనతో ఉంచుకుంటుంది. తరువాత మనం చేసిన మార్పులు దానికి తెలియవు. కిటికీ మూసి కొత్తది తెరవాలి. విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటర్ లోపల ఉండే టెర్మినల్ విషయంలో ఇది మరింత తికమక పెడుతుంది, ఎందుకంటే ఆ టెర్మినల్‌ను ఎన్నిసార్లు మూసి తెరిచినా, అది తన పాత్‌ను ఎడిటర్ నుంచి తీసుకుంటుంది, ఎడిటర్ దగ్గరేమో పాత ప్రతే ఉంటుంది. ఎడిటర్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరిస్తేనే మార్పు అందుతుంది. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయగానే అంతా సర్దుకుందని కొందరు చెప్పడంలో మర్మం ఇదే.

పాత్‌ను చేత్తో సవరించేవారికి ఒక హెచ్చరిక. సెట్‌ఎక్స్ అనే కమాండ్‌తో ఒక్క వరుసలో పని అయిపోతుందని సలహా ఇచ్చేవారున్నారు. ఆ కమాండ్ 1024 అక్షరాలు దాటిన విలువను అక్కడికి కత్తిరించి భద్రపరుస్తుంది. అనేక ప్రోగ్రాములున్న కంప్యూటర్‌లో పాత్ సులువుగానే అంతకన్నా పొడవుంటుంది కాబట్టి, పైథాన్‌ను చేర్చబోయి మిగతా పనిముట్ల దారులను పోగొట్టుకునే ప్రమాదం ఉంది. విండోస్ సెట్టింగుల్లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీ తెరిచి, ఒక్కొక్క ఫోల్డర్ ఒక్కొక్క వరుసగా కనిపించే జాబితాలో చేర్చుకోవడమే క్షేమం. చేర్చవలసినవి రెండు: పైథాన్ ఉన్న ఫోల్డర్ ఒకటి, దాని లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్ మరొకటి. మొదటిది మాత్రమే చేర్చినవారికి పైథాన్ పలుకుతుంది, ఇతరులు రాసిన కోడ్ లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్ అనే పనిముట్టు పలకదు.

విండోస్‌లోనే ఇంకొక విచిత్రం ఉంది. పైథాన్ అని టైపు చేస్తే తప్పు సందేశమైనా రాకుండా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. 2019 మే నెల నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి, పైథాన్ లేని కంప్యూటర్లలో కూడా ఆ పేరుతో ఒక ఉత్తుత్తి ఫైలు ఉంటోంది. దాని పరిమాణం సున్నా బైట్లు. స్టోర్‌కు దారి చూపడమే దాని పని. పైథాన్ లేనివారికి అది మేలే కావచ్చు. కాని పైథాన్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని, పాత్ గడికి టిక్కు పెట్టనివారికి, అసలు పైథాన్ జాబితాలో లేకపోవడం వల్ల ఈ ఉత్తుత్తి ఫైలే పలుకుతుంది. దాంతో తమ ఇన్‌స్టలేషన్ విఫలమైందని వారు నిర్ణయానికి వచ్చేస్తారు. పాత్‌ను సరిచేసినా స్టోరే తెరుచుకుంటుంటే, సెట్టింగుల్లో యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్ అనే చోటికి వెళ్ళి, పైథాన్ పేరుతో ఉన్న స్విచ్చులను ఆపివేయాలి.

ఏది పలుకుతోందో ఊహించనక్కరలేదు, కంప్యూటర్‌నే అడగవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ అని రాసి, ఖాళీ వదిలి, పైథాన్ అని రాస్తే, పాత్‌లో ఆ పేరుతో ఉన్న ఫైళ్ళన్నిటి చిరునామాలూ వరుసగా వస్తాయి. పైనున్నదే నడిచేది. విండోస్‌లోని మరో టెర్మినల్ అయిన పవర్‌షెల్‌లో మాత్రం ఇదే కమాండ్‌కు ఏ జవాబూ రాదు, తప్పు సందేశం కూడా రాదు, ఎందుకంటే అక్కడ వేర్ అనేది పూర్తిగా వేరే పనికి పెట్టిన పొట్టి పేరు. ఆ నిశ్శబ్దాన్ని చూసి పైథాన్ లేదనుకోకూడదు. వేర్ తరువాత చుక్క పెట్టి ఇఎక్స్‌ఇ అని చేర్చి రాస్తే జవాబు వస్తుంది. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ విచ్ కమాండ్‌కు హైఫన్, ఎ అక్షరం చేర్చి అడిగితే ఇటువంటి జాబితాయే వస్తుంది.

అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం పైథాన్ తన గురించి తాను చెప్పేదే. పైథాన్ లోపలికి వెళ్ళి, సిస్ అనే మాడ్యూల్‌ను (పైథాన్‌తో పాటే వచ్చే ఒక కోడ్ భాగాన్ని) ఇంపోర్ట్ చేసి, అందులోని ఎగ్జిక్యూటబుల్ విలువను ప్రింట్ చేయిస్తే, ప్రస్తుతం నడుస్తున్న పైథాన్ ఏ ఫోల్డర్‌లో ఉందో పూర్తి చిరునామాతో చెబుతుంది. టెర్మినల్‌లో ఒకసారి, ఎడిటర్‌లో ఒకసారి, జూపిటర్ నోట్‌బుక్ వాడేవారైతే అందులో మరొకసారి ఈ పని చేసి మూడు చిరునామాలనూ పోల్చి చూడాలి. ఒక చోట పనిచేసిన ప్రోగ్రాం మరొక చోట ఎందుకు పనిచేయడం లేదో తెలియక సతమతమయ్యేవారికి ఈ పోలికతోనే సగం జవాబు దొరుకుతుంది.

ఒక కంప్యూటర్‌లో మనకు తెలియకుండానే మూడు నాలుగు పైథాన్‌లు చేరడం వింతేమీ కాదు. కొన్ని అప్లికేషన్లు తమ అవసరానికి ఒక పైథాన్‌ను వెంటబెట్టుకుని వస్తాయి. వాటిలో కొన్ని తమ ఫోల్డర్‌ను పాత్‌లోనూ చేరుస్తాయి. విండోస్‌లో పాత్ రెండు భాగాలు: కంప్యూటర్ మొత్తానికి వర్తించే సిస్టమ్ జాబితా, ఒక్క యూజర్‌కే వర్తించే జాబితా. రెంటినీ కలిపినప్పుడు సిస్టమ్ జాబితాయే ముందుంటుంది. కాబట్టి ఎవరో సిస్టమ్ జాబితాలో పెట్టిన పాత పైథాన్‌ను, మన యూజర్ జాబితాలో ఎంత పైకి జరిపిన కొత్త పైథాన్ అయినా ఓడించలేదు. జాబితాలో పైకి జరిపాను, అయినా మారలేదు అనేవారు సిస్టమ్ జాబితాను కూడా ఒకసారి చూడాలి.

ఈ గొడవ తప్పించుకోవడానికి విండోస్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. పైథాన్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి, పి, వై అనే రెండక్షరాల లాంచర్ ఇన్‌స్టాలర్‌తో పాటు వస్తోంది. దాని పక్కన హైఫన్, సున్నా, పి అక్షరం రాస్తే, తనకు తెలిసిన పైథాన్‌లన్నిటినీ చిరునామాలతో సహా చూపుతుంది. హైఫన్ పెట్టి 3.12 అని రాస్తే, పాత్ వరుసతో నిమిత్తం లేకుండా ఆ వెర్షన్‌నే నడుపుతుంది. పాత్‌ను సరిదిద్దే ఓపిక లేనివారు పైథాన్ అనే పేరును పక్కనపెట్టి ఈ రెండక్షరాలకే అలవాటు పడినా నష్టం లేదు.

ఇక పిప్ విషయం. లైబ్రరీ విజయవంతంగా ఇన్‌స్టాల్ అయిందని పిప్ చెబుతుంది. మరుక్షణం ప్రోగ్రాంలో ఇంపోర్ట్ చేస్తే అటువంటి మాడ్యూల్ లేదని పైథాన్ అంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి. పాత్ వరుసలో మొదట దొరికిన పిప్ ఒక పైథాన్‌కు చెందినది, మొదట దొరికిన పైథాన్ మరొకటి. లైబ్రరీ వెళ్ళి మొదటిదాని ఫోల్డర్‌లో కూర్చుంది. పిప్‌ను నేరుగా పిలవడం మానేసి, పైథాన్ అని రాసి, హైఫన్, ఎమ్ అక్షరం, ఆ తరువాత పిప్ అని రాయడం అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు, ఎందుకంటే అప్పుడు ఏ పైథాన్ నడుస్తోందో దాని పిప్పే పనిచేస్తుంది. పైథాన్ రూపకర్తల అధికారిక పత్రాల్లో కూడా ఈ పద్ధతే కనిపిస్తుంది. నన్నడిగితే, పాఠాలన్నీ మొదటి రోజు నుంచి ఇదే నేర్పాలి. కొద్ది అక్షరాలు తగ్గించడం కోసం పొట్టి రూపాన్ని నేర్పి, ఆ తరువాత వచ్చే అయోమయాన్ని విద్యార్థికి వదిలేయడం నాకు సమ్మతం కాదు.

దీనికి దగ్గరి చుట్టం లాంటిది లాంచర్‌లో ఘోరమైన తప్పు జరిగిందని, ప్రాసెస్‌ను సృష్టించలేకపోయానని పిప్ ఇచ్చే సందేశం. విండోస్‌లో స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉండే పిప్ ఫైలు లోపల, తన పైథాన్ ఎక్కడుందో పూర్తి చిరునామా రాసి ఉంటుంది. పైథాన్ ఫోల్డర్ పేరు మార్చినా, మరో డ్రైవ్‌కు జరిపినా, దాన్ని తొలగించి మరో చోట ఇన్‌స్టాల్ చేసినా, ఆ ఫైలు లేని చిరునామానే వెతుకుతూ ఉంటుంది. ఒక్కొక్క ప్రాజెక్టుకు లైబ్రరీలను విడిగా ఉంచుకునే ఫోల్డర్లైన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లదీ ఇదే తీరు. వాటి ఫోల్డర్‌ను ఒక చోటి నుంచి మరో చోటికి కాపీ చేసి వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. లోపలి చిరునామాలు పాతవే కాబట్టి అవి సరిగా పనిచేయవు. కావలసిన లైబ్రరీల జాబితాను ఒక ఫైలులో రాసుకుని, కొత్త చోట ఎన్విరాన్‌మెంట్‌ను కొత్తగా తయారు చేసుకోవాలి.

పిప్ తెరనిండా ఎర్ర అక్షరాలు కుమ్మరించి, చివరికి మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ 14.0 గాని అంతకన్నా కొత్తది గాని కావాలని ముగించడం మరో రకం అనుభవం. ఇక్కడ పాత్ దోషం లేదు. చాలా లైబ్రరీల్లో కొంత భాగం సి భాషలో ఉంటుంది. ఆ భాగాన్ని ముందే కంపైల్ చేసి, అంటే కంప్యూటర్ నేరుగా నడపగల రూపంలోకి మార్చి, వీల్ అనే రూపంలో ఒక్కొక్క పైథాన్ వెర్షన్‌కూ, ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమ్‌కూ విడివిడిగా అందిస్తారు. మన పైథాన్‌కు సరిపోయే వీల్ దొరకనప్పుడు పిప్ మూలరూపాన్ని దింపుకుని, మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేయబోతుంది. కంపైలర్ లేక చతికిలబడుతుంది. సందేశం చెప్పినట్టు అనేక గిగాబైట్ల బిల్డ్ టూల్స్‌ను దింపుకునే ముందు, వీల్ ఎందుకు దొరకలేదో ఆలోచించాలి. పైథాన్ 3.9 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ విడుదలవుతోంది. విడుదలైన తొలి వారాల్లో అన్ని లైబ్రరీలకూ దానికి తగిన వీల్స్ సిద్ధంగా ఉండవు. నేర్చుకోవడానికో, ఉద్యోగంలో వాడుకోవడానికో పైథాన్ పెట్టుకునేవారు సరికొత్త వెర్షన్ కాకుండా దానికి ముందున్న వెర్షన్‌ను ఎంచుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

వీల్ దొరకకపోవడానికి 32 బిట్ పైథాన్ ఇంకొక కారణం. ఒకప్పుడు డౌన్‌లోడ్ పేజీలోని పెద్ద బటన్ విండోస్‌కు 32 బిట్ ఇన్‌స్టాలర్‌నే ఇచ్చేది. అప్పటి ఫైలును దాచుకుని వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. పైథాన్ మొదలైనప్పుడు వచ్చే తొలి వరుసలో 64 బిట్ అని ఉందో, 32 బిట్ అని ఉందో చూస్తే తెలిసిపోతుంది. ఆ వరుస చివరన విన్32 అని ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు: 64 బిట్ పైథాన్‌లో కూడా విండోస్‌ను ఆ పేరుతోనే సూచిస్తారు.

మ్యాక్ వాడేవారి ఇబ్బందులు వేరు. మ్యాక్‌ఓఎస్‌తో పాటు వచ్చే పైథాన్ 2.7ను ఆపిల్ 2022లో 12.3 వెర్షన్ నుంచి తొలగించింది. అందువల్ల వట్టి పైథాన్ అనే పేరు చాలా మ్యాక్‌లలో దేనికీ చెందదు. చివర 3 అంకె చేర్చాలి. చేర్చినా, ఆపిల్ డెవలపర్ పనిముట్లు లేని కంప్యూటర్‌లో వాటిని ఇన్‌స్టాల్ చేయమంటావా అని అడిగే చిన్న కిటికీ వస్తుంది. పాత పాఠాలు, టెర్మినల్‌లో మన కమాండ్లను అందుకునే బ్యాష్ అనే షెల్‌కు చెందిన బ్యాష్ ప్రొఫైల్ ఫైలులో పాత్ మార్చమంటాయి, కాని 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి కొత్త యూజర్లకు జడ్‌షెల్ అనే మరో షెల్ ఇస్తున్నారు, అది ఆ ఫైలు మొహం కూడా చూడదు. ఇంకొకటి: పైథాన్ అధికారిక ఇన్‌స్టాలర్‌తో పెట్టుకున్న తరువాత, ఇంటర్నెట్ నుంచి ఏదైనా తెచ్చే ప్రోగ్రాం రాస్తే, సర్టిఫికెట్ సరిచూడలేకపోయానని తప్పు రావచ్చు. అప్లికేషన్స్‌లోని పైథాన్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ సర్టిఫికేట్స్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే సరి. సర్టిఫికెట్ తనిఖీనే ఆపేయమని చెప్పే సలహాలు కూడా కనబడతాయి, వాటిని పాటించకండి.

లినక్స్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌ను తొలగించకపోవడం. ఉబుంటు వంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో అనేక లోపలి పనిముట్లు దాని మీదే ఆధారపడి ఉంటాయి. పాతదని భావించి దాన్ని తీసేస్తే, దానితో పాటు డెస్క్‌టాప్ కూడా పోవచ్చు. పిప్‌తో లైబ్రరీ పెట్టబోతే, ఈ ఎన్విరాన్‌మెంట్ నిర్వహణ బయటివారి చేతిలో ఉందని డెబియన్ 12, ఉబుంటు 23.04 మొదలుకొని వస్తున్న సందేశం వెనుక ఉన్న కారణం ఇదే. దాన్ని దాటిపోవడానికి పిప్‌లో ఒక ఆప్షన్ ఉంది. రోజూ వాడుకునే కంప్యూటర్‌లో దాన్ని ఉపయోగించడం నేను సమర్థించను; వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకుని అందులో పెట్టుకోవడానికి పట్టే సమయం అత్యల్పం. ఉబుంటులో ఆ పనికి అవసరమైన వెన్వ్ భాగం విడి ప్యాకేజీగా ఉంటుంది, ముందుగా దాన్ని ఏప్ట్ అనే ప్యాకేజీ కమాండ్‌తో తెచ్చుకోవాలి.

సోర్స్ నుంచి, అంటే మూల కోడ్‌ను కంపైల్ చేసుకుని, పైథాన్‌ను స్వయంగా నిర్మించుకునేవారికి వచ్చే చిక్కు మోసపూరితమైనది. నిర్మాణం విజయవంతంగానే ముగుస్తుంది. ఎస్‌ఎస్‌ఎల్, సిటైప్స్, బిజడ్2 వంటి మాడ్యూళ్ళను కంపైల్ చేయడానికి కావలసిన హెడర్ ఫైళ్ళు కంప్యూటర్‌లో లేకపోతే, వాటిని వదిలేసి మిగతాది కట్టేస్తుంది. ఫలానావి దొరకలేదని చివర్లో ఒక చిన్న జాబితా మాత్రం చూపుతుంది. ఆ జాబితాను చదవకుండా దాటేస్తే, తరువాత ఎస్‌ఎస్‌ఎల్ లేక పిప్ ఇంటర్నెట్‌లోకి వెళ్ళలేకపోతుంది, కారణమేమో నెట్‌వర్క్‌లో వెతుకుతాం. డెవలప్‌మెంట్ ప్యాకేజీలను తెచ్చుకుని మళ్ళీ నిర్మించడం తప్ప దీనికి వేరే మందు లేదు. అప్పుడు కూడా మేక్ కమాండ్ పక్కన ఇన్‌స్టాల్ బదులు ఆల్ట్‌ఇన్‌స్టాల్ అని రాస్తే, ముందున్న పైథాన్ పేరును కొత్తది ఆక్రమించదు.

చూడగానే గుండె జారిపోయే సందేశం ఇంకొకటి మిగిలింది: పైథాన్ మొదలవుతూనే ఎన్‌కోడింగ్స్ అనే మాడ్యూల్ లేదని చెప్పి ఆగిపోవడం. ఫైళ్ళు పాడయ్యాయని దీన్ని చూసినవారందరూ అనుకుంటారు. పైథాన్‌హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఏదో ఒక ప్రోగ్రాం తన కోసం కంప్యూటర్ అంతటికీ పెట్టి వెళ్ళడం దీనికి తరచుగా కారణమవుతుంది. దాన్ని నమ్మి పైథాన్ తన లైబ్రరీలను మరెక్కడో వెతుకుతుంది. పైథాన్ పక్కన హైఫన్, పెద్ద ఇ అక్షరం పెట్టి నడిపితే అటువంటి వేరియబుళ్ళను పట్టించుకోదు. అలా నడిపినప్పుడు బాగానే మొదలైతే దోషి దొరికినట్టే. ఆ వేరియబుల్‌ను తొలగించాలి.

తొలగించి మళ్ళీ పెట్టడం తప్పనిసరి అయ్యే సందర్భాలు లేకపోలేదు. ఇన్‌స్టాలర్ మధ్యలోనే ఆగిపోతే, వైఫల్యాన్ని చూపే తెర మీదనే లాగ్ ఫైలుకు లింకు ఉంటుంది. దాని చివరి భాగంలో తప్పు అనే మాట ఎక్కడ వచ్చిందో చూడకుండా రెండోసారి ప్రయత్నించడం వృథా. విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌లో పైథాన్ 3.9 గాని ఆ తరువాతివి గాని పనిచేయవు, 3.8 దగ్గరే ఆగాలి. నిజంగానే శుభ్రంగా మొదలుపెట్టాలనుకున్నప్పుడు, ఫోల్డర్‌ను డిలీట్ చేయకుండా సెట్టింగుల్లోని యాప్స్ జాబితా నుంచి పైథాన్‌ను తొలగించాలి. ఆ తరువాత పాత్ రెండు భాగాల్లోనూ పాత పైథాన్ ఫోల్డర్ల పేర్లు మిగిలాయేమో చూసి తీసివేయాలి. పిప్‌తో పెట్టిన లైబ్రరీలను అన్‌ఇన్‌స్టాలర్ తనవిగా లెక్కించదు కాబట్టి, అవి ఉన్న ఫోల్డర్ అలాగే మిగులుతుంది. దాన్ని చేత్తో డిలీట్ చేయాలి. లినక్స్ టెర్మినల్‌లోనైతే, లేని పాత చిరునామానే బ్యాష్ గుర్తుపెట్టుకుని అదే వెతుకుతుంటుంది. హాష్ కమాండ్‌కు హైఫన్, ఆర్ అక్షరం చేర్చి నడిపితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. ఇవన్నీ ముగిశాక, కొత్త పైథాన్ పెట్టే ముందే, వేర్ కమాండ్‌ను గాని విచ్ కమాండ్‌ను గాని ఇంకొకసారి నడిపి, జాబితాలో ఇంకా ఏదైనా పాతది పలుకుతోందేమో చూసుకోవాలి.